తలుపు తీసినవారి లెక్క

ఆ వేసవిలో మా ఊళ్ళో ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉన్నారో తేల్చాలని పెద్దలు నిశ్చయించారు. మా ఊరు మరీ పెద్దది కాదు, చిన్నదంటే ఊరుకునేదీ కాదు. ఒక నది, దాని మీద వంతెనలు, మూతపడిన ఒక మిల్లు, మూతపడని ఒక రైల్వే వర్క్‌షాపు, వీటి చుట్టూ ఎప్పుడెప్పుడో ఎక్కడెక్కడినుంచో వచ్చి చేరిన మనుషులు. అందరికంటే ముందు వచ్చామని చెప్పుకునేవాళ్ళు ఏటిగట్టువాళ్ళు. మిల్లు పెట్టినప్పుడు కొండలు దిగి వచ్చినవాళ్ళు కొండదారివాళ్ళు. రైలు వెంట వచ్చిన పొడుగాటి మనుషులు పట్టాలవాళ్ళు. సముద్రం పొంగి ఉప్పుమడులు మునిగిపోయాక మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్ళు ఉప్పుమడివాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక భాష, ఒక ఒంటిరంగు, ఒక మొహం తీరు, పక్కవాళ్ళను వెక్కిరించే ఒక సామెత ఉండేవి. మొదటి మూడూ, తరాలు గడిచేకొద్దీ, కలిసిపోతూ వచ్చాయి. సామెతలు మాత్రం చెక్కుచెదరలేదు.

నేను విశ్వవిద్యాలయంలో జనాభా శాస్త్రం బోధించి విరమించినదాన్ని. అందుచేత ఇంటింటికీ వెళ్ళే గణకులకు శిక్షణ ఇవ్వమని లెక్కల కార్యాలయంవారు నన్ను పిలిచి, నియమాల ప్రతి ఒకటి చేతిలో పెట్టారు. అందులో ఒక నియమం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఇంట్లో ఎంతమంది ఉన్నా గణకుడు ఒక్కరినే ప్రశ్నించాలి. ఆ ఒక్కరూ ఎవరంటే, తలుపు తీసినవారు. అందరి జాతీ, అందరి భాషా వారే చెప్పాలి. వారు చెప్పినదే ఖాయం.

పని త్వరగా తెమలడానికి ఈ ఉపాయమట. ఇది జనగణన కాదు, బొమ్మా బొరుసూ అని రాసి పంపాను. ‘మీ అభిప్రాయము పరిశీలించబడినది’ అని బదులు వచ్చింది. నా ఉద్యోగ జీవితమంతా ఆ మాటకు ఒకే అర్థం చూశాను: చెత్తబుట్ట.

అయినా అది కార్యాలయంతోనే ఆగి ఉంటే నేనీ కథ చెప్పనక్కరలేదు. ఆ నియమం మా ఇంట్లోకి వచ్చింది.

మా ఇంట్లో మేము ఐదుగురం. నేను, కళ్ళజోళ్ళ షాపు నడిపే నా తమ్ముడు, నా మరదలు, ఆస్పత్రి ల్యాబులో పనిచేసే మేనకోడలు, ఇంకా నా మరదలి తల్లి. ఈ పెద్దావిడకు అంతకు కొద్ది నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంతవరకు కోలుకున్నాయి కానీ మాట తిరిగి రాలేదు. రాలేదని అనడం సరికాదు. ఊరంతా మాట్లాడే మాట పోయి, పుట్టినప్పుడు నేర్చిన మాట ఒక్కటే మిగిలింది. ఆవిడ ఉప్పుమడి మనిషి. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. నా మరదలు పెళ్ళయిన నాటినుంచీ ఏటిగట్టు మనిషిగానే చలామణి అయింది.

నా తమ్ముడు ఏటిగట్టు సంఘానికి కార్యదర్శి. ఆ వేసవిలో వాడికి షాపు కంటే సంఘమే ఎక్కువైంది. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి ఎదుట ఉన్నది కనపడకపోవడం వింతగా తోచేది నాకు.

"సగం దాటాలి అక్కా," అన్నాడు ఒకరోజు భోజనాల దగ్గర. "మనవాళ్ళు ఊళ్ళో సగం దాటితే నగరసభ పీఠం మనకి రాసిచ్చినట్టే. దాటకపోతే మిగతావాళ్ళంతా ఒకటై మన నెత్తిన కూర్చుంటారు. అందుకే సంఘంలో తీర్మానం చేశాం. లెక్క జరిగినన్నాళ్ళూ మగవాళ్ళు ముందు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. తలుపు ఇంకొకళ్ళు తీయకూడదు."

"మన ఇంట్లో ఏటిగట్టువాళ్ళు ఎంతమందిరా?" అన్నాను.

"ఐదుగురికి ఐదుగురూ."

"మీ అత్తగారు కూడానా?"

"మన ఇంట్లో తింటోంది కదా!"

"ఆ లెక్కన మన పిల్లి కూడా ఏటిగట్టుదే."

మేనకోడలు పొలమారి నీళ్ళు తాగింది. "నాన్నా, మరి నన్ను అడగరా?"

"నిన్ను అడిగేదేముందే? నువ్వు నా కూతురివి."

"అమ్మకి కూడా కూతుర్నే. అనుమానముంటే పుట్టిన ఆస్పత్రిలో కనుక్కో."

"నోరు మూసుకుని తిను."

నా మరదలు అందరికీ వడ్డిస్తూ, ఏమీ విననట్టు గిన్నె మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మనిషికి వినపడనట్టు ఉండటంలో ఉన్న నేర్పు నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ వారంలోనే పెద్దావిడ మంచం దిగబోయి పడింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. అక్కడ జరిగినది వరసగా చెప్పాలి, ఎందుకంటే తరవాతిదంతా దానినుంచే వచ్చింది.

డాక్టరు మోకాలు నొక్కి చూశాడు. పెద్దావిడ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. నర్సు ఆవిడ చెవి దగ్గరికి వంగి, "ఎక్కడమ్మా నొప్పి? ఎక్కడా?" అని అరిచింది. అర్థంకాని మాటను గట్టిగా చెబితే అర్థమవుతుందని నమ్మేవాళ్ళు అన్ని వృత్తుల్లోనూ ఉన్నారు. పెద్దావిడ మళ్ళీ అదే మాట అంది, ఈసారి కూతురి మొహంలోకి చూస్తూ. నేను మంచానికి ఈ పక్కన ఉన్నాను కాబట్టి చూశాను. నా మరదలి చెయ్యి తల్లి ఎడమ తుంటి మీదకు వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చేసింది.

"ఏమంటున్నారండీ?" అన్నాడు డాక్టరు.

"ఏమోనండీ," అంది నా మరదలు. "పెద్దావిడ కదా. ఏదో అంటోంది."

మోకాలికి పూత మందు రాసి, కట్టు కట్టి పంపించారు. తుంటి మీద కొడితే పళ్ళు రాలాయన్న సామెత విన్నాను. తుంటి విరిగితే మోకాలికి కట్టు కట్టడం అప్పుడే చూశాను. పక్కకు తిప్పబోతే ఆవిడ పెట్టిన కేకకు బెదిరిపోయి మళ్ళీ తీసుకువెళ్ళినప్పుడు గానీ ఎముక విరిగిన సంగతి బయటపడలేదు. అప్పటికి వాపు పెరిగి శస్త్రచికిత్స కష్టమైంది.

"భాష తెలిసినవాళ్ళు ఒక్కరుంటే మొదటిరోజే తేలిపోయేది," అంది మేనకోడలు ఆస్పత్రి వరండాలో, కోపంగా. "అడిగాను అత్తా. ఊళ్ళో నూటికి ఒక్కరైనా ఆ జాతివాళ్ళుంటేనే ఆ భాషకి దుబాసీని వేస్తారట. ఉప్పుమడివాళ్ళు పోయిన లెక్కలో అసలు లేరట. లేరు! అమ్మమ్మ ఆ గదిలో పడుకుని ఉంటే, లేరంటున్నారు."

"లేరంటే, ఎవరూ చెప్పుకోలేదన్నమాట," అన్నాను. అది నా శాస్త్రం. దాని వల్ల మేనకోడలికి ఏ ఊరటా కలగలేదని మొహం చూస్తే తెలిసింది.

ఇంటికి వచ్చిన రెండో మధ్యాహ్నం నా మరదలు పెరట్లో ఆరేసిన దుప్పట్లు తెస్తుంటే ఒక కొస నేను పట్టుకున్నాను. మడత పెట్టడానికి ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం.

"అమ్మాయ్, నీకు అర్థమైంది," అన్నాను.

తను కొస సరిచేసుకుంది. "ఏది వదినా?"

"ఆస్పత్రిలో. నీ చెయ్యి తుంటి మీదకే వెళ్ళింది."

దుప్పటిని రెండు మడతలు పెట్టింది. తరవాత, "అర్థమైంది," అంది. "ఆయన పక్కనే ఉన్నారు. పలకరించడానికని సంఘం ప్రెసిడెంటుగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్ళూ నాకు రాని భాష అప్పటికప్పుడు ఎక్కడినుంచి తెచ్చేది వదినా?"

"ఎముక విరిగింది కదే!"

"విరిగిందని నాకేం తెలుసు? నొప్పి అనుకున్నాను, తగ్గిపోతుందనుకున్నాను." దుప్పటిని గుండెలకు ఆనించుకుని నిలబడింది. "చిన్నప్పుడు స్కూల్లో మా మాట ఒకటి నోరుజారితే చాలు, బెంచీలో అందరూ ముక్కులు మూసుకునేవాళ్ళు. చేపల కంపని. మావాళ్ళు చేపలు పట్టలేదు వదినా, ఉప్పు పండించారు. ఉప్పుకి వాసనే ఉండదు."

ఇంత చదువూ చదివి, ఒక దుప్పటి కొస పట్టుకుని నిలబడ్డాను.

"మీ అమ్మకి తెలుసా, నీకు అర్థమైందని?"

"తెలియకేం? ఆరోజు నుంచీ నాతో మాట్లాడటం మానేసింది. జావ పెడితే నోరు తెరుస్తుంది. కళ్ళు మాత్రం గోడ వైపే." దుప్పటి నా చేతిలో పెట్టి, "ఇంక ఆ భాష వినపడదు మీకెవరికీ. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది," అని వెళ్ళిపోయింది.

పెద్దావిడ నిజంగానే మాట్లాడలేదు. సందు వైపు గదిలో, పక్క తలుపుకు దగ్గరగా ఆవిడ మంచం వేశాం, గాలి వస్తుందని. ఆ తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉండేది.

ఇక గణకుల శిక్షణ. ఒక బడి హాలులో పెట్టారు. వచ్చినవారిలో పొడుగ్గా, నిటారుగా, ఈల వేస్తే పరిగెత్తేలా ఉన్న ఒకాయనను అందరూ డ్రిల్లు మాస్టారని పిలుస్తున్నారు. నేను మొదలుపెట్టిన కాసేపటికే ఆయన చెయ్యెత్తాడు.

"మేడం, జాతి అడగడమెందుకు? మొహం చూస్తే తెలియదా?"

"సరే, చూసి చెప్పండి. నేనెవరిని?"

హాలులో ఉత్సాహం వచ్చింది. "కొండదారి! బుగ్గ ఎముకలు చూడండి," అన్నారొకరు. "కాదు, ఆ ఎత్తు పట్టాలవాళ్ళది," అన్నారు ఇంకొకరు. డ్రిల్లు మాస్టారు నన్ను కాసేపు పరీక్షగా చూసి, "ఏదైనా అయ్యుండచ్చు గానీ ఉప్పుమడి మాత్రం కాదు మేడం," అన్నాడు ధీమాగా. "మీరు చదువుకున్నవారు కదా."

అందరూ నవ్వారు. నాకు పెరట్లో దుప్పటి గుర్తొచ్చింది.

"కూర్చోండి మాస్టారూ," అన్నాను. "మొహం చూసి రాయకూడదన్నది మొదటి నియమం. నోటికొచ్చింది అనకూడదన్నది ఆఖరి నియమం. అది ఇప్పుడే నేను చేర్చాను."

కూర్చున్నవాడు మళ్ళీ లేచాడు. "ఒక్క సందేహం మేడం. ఎండలు మండిపోతున్నాయి. ఊళ్ళో తలుపులన్నీ తీసే ఉంటాయి. తీసే ఉన్న తలుపుని ఎవరు తీసినట్టు?"

ఇది నిజమైన సందేహం. కార్యాలయానికి రాశాను. ఈసారి బదులు అదేరోజు వచ్చింది. ‘తలుపు తెరిచియున్నచో దానిని మూయించి, తిరిగి తట్టవలెను.’ చదివి వినిపించాను. వాళ్ళలో ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు, అందరూ రాసుకున్నారు. నాకు తలనొప్పి వచ్చింది.

లెక్క మొదలైంది. సంఘం తీర్మానం ప్రకారం ఊళ్ళో ఏటిగట్టు మగవాళ్ళు ముందు గుమ్మాల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎండకు తలుపులు తీసుకుని, విసనకర్రలతో. గణకుడు వచ్చి, అయ్యా, తలుపు మూయండి, మళ్ళీ తడతాను అంటే వాళ్ళకు మండుకొచ్చేది. ‘కుర్చీ లోపలికి లాగి, తలుపు మూసి, మళ్ళీ తీయాలా? ఎదురుగా కూర్చుంటే కనపడటం లేదా?’ అని తగువు. ఒకచోట గణకుడి సంచీ కాలవలో పడిందట. నాలుగు వీధులు తిరిగేసరికి గణకులకు బుద్ధి వచ్చింది. ముందు గుమ్మంలో కుర్చీ కనపడితే ఆ వైపు పోవడం మానేసి, పక్క సందుల్లోకీ పెరటి తలుపులవైపుకీ తిరిగారు. మగవాళ్ళు ముందు కాపలా కాసినందువల్లే లెక్క వెనకనుంచి నడిచింది. దీన్ని నేను గాని, కార్యాలయం గాని, సంఘం గాని ముందుగా ఊహించలేదు. నేనైనా ఊహించవలసింది.

మా వీధి వంతు వచ్చిన పూట నా తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గుమ్మంలో కూర్చున్నాడు. మేనకోడలు ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది. నేను సందు వైపు గదిలో పేపరు చదువుతున్నాను. నా మరదలు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తల్లికి చెంచాతో జావ పెడుతోంది. పెద్దావిడ కళ్ళు ఎప్పటిలాగే గోడ మీద ఉన్నాయి.

పక్క గుమ్మంలో నీడ పడింది. డ్రిల్లు మాస్టారు.

"అమ్మా, లెక్కకి వచ్చాను. తలుపు మూయాలమ్మా."

"ఎందుకండీ? మా అమ్మకి గాలి రాదు," అంది నా మరదలు.

"రూలమ్మా. మూస్తే నేను తడతాను. తడితే మీరు తీయాలి."

"ఇప్పుడు తీసే ఉందిగా?"

"అదేనమ్మా ఇబ్బంది." అప్పుడు నన్ను చూశాడు. "నమస్కారం మేడం. మీరు చెప్పినట్టే చేస్తున్నాను."

నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నా మరదలు గిన్నె స్టూలు మీద పెట్టి, లేచి, తలుపు మూసింది. గడియ వేసింది. గది చీకటైంది. బయటినుంచి తట్టాడు.

"ఎవరది? ముందు తలుపుకి రమ్మను!" అని ముందు గదిలోంచి నా తమ్ముడి కేక. కుర్చీ ఈడ్చిన చప్పుడు.

నా మరదలు గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. నన్ను పిలిచి ఉండవచ్చు, వదినా మీరు తీయండని. మొగుడు వచ్చేదాకా ఆగవచ్చు. నడవలోంచి వాడి చెప్పులు టపటపమంటూ వస్తున్నాయి. బయట మళ్ళీ తట్టాడు. తను మంచం వైపు చూసింది. అక్కడ గోడ వైపు తిరిగిన తల వెనకభాగం తప్ప ఏమీ లేదు.

గడియ తీసింది.

"ఇంటి యజమాని జాతి ఏమిటమ్మా?" డ్రిల్లు మాస్టారు అప్పుడే వచ్చినవాడిలా కొత్తగా అడిగాడు.

"ఏటిగట్టు."

"ఆయన అక్కగారు?"

"ఏటిగట్టే. అక్కడే ఉన్నారుగా, ఆవిడనే అడగండి."

"అడగకూడదమ్మా."

అప్పటికి నా తమ్ముడు ఆయాసపడుతూ వచ్చాడు. "ఆగండి, ఆగండి! నేను చెప్తాను. ఇది నా ఇల్లు."

"ఇల్లు మీదేనండీ," అన్నాడు డ్రిల్లు మాస్టారు మర్యాదగా. "తలుపు ఆవిడ తీశారు."

"అది తీస్తే? ఇప్పుడు నేను మూసి మళ్ళీ తీస్తాను!"

"అయ్యయ్యో, ఒకసారి తీశాక మళ్ళీ తీయడం ఉండదండీ."

"అక్కా! నువ్వే కదా వీళ్ళకి నేర్పింది. చెప్పు!"

ఆ నియమాన్ని నేను ఎన్ని విధాల తప్పుపట్టానో వాడికి తెలుసు. ప్రతి భోజనం దగ్గరా విన్నాడు. మంచి నియమాలు ఎవరికీ అక్కరకు రాని సమయంలో ఈ పనికిమాలిన నియమం ఒక్కసారి నా చేతికి అందింది.

"ఏం చెప్పనురా?" అన్నాను. "తలుపు తీసినవారి మాటే ఖాయం. మాస్టారూ, రాసుకోండి."

"మంచం మీద పెద్దావిడ?"

"ఉప్పుమడి," అంది నా మరదలు.

"మీరు?"

తను ఆయనకు జవాబు చెప్పలేదు. మంచం వైపు తిరిగి, నేను ఆ ఇంట్లో తన నోట ఎన్నడూ వినని భాషలో ఒక్క మాట అంది. గొంతు కూడా తనది కాదేమో అనిపించింది. చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఏమన్నారమ్మా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు కలం ఆపి.

"ఉప్పుమడి అన్నాను. రాయండి. భాష కూడా అదే రాయండి."

"మీ అమ్మాయి?"

నా మరదలు మొగుడి మొహం చూసింది. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయి, వాడు గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "అదుంటే రెండూ రాయమనేది. రెండు రాస్తారా?"

"ఒక్కటే గడి ఉందమ్మా."

"అయితే తండ్రిది రాయండి. లేకపోతే ఆయనకి అన్నం సహించదు."

డ్రిల్లు మాస్టారు రాసుకుని, సంతకం చేయించుకుని బయల్దేరాడు. నా తమ్ముడు నడవలోకి వెళ్ళిపోయాడు. నేను పేపరు మళ్ళీ తెరిచాను, ఒక్క అక్షరమూ కనపడలేదు.

మంచం మీద తల ఇటు తిరిగింది. పెద్దావిడ గొంతు సవరించుకుని, బొంగురుగా ఏదో అంది.

నా మరదలు స్టూలు మీద కూర్చుని గిన్నె తీసుకుంది. "జావ చల్లారిపోయిందంటోంది," అంది ఎవరితోనో అన్నట్టు. వేడి చేసి తేవడానికి లేచింది.

ఆరోజు నుంచి నా తమ్ముడు పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. మానేసినవాడు నోరు మూసుకుని ఉంటే బాగుండేది. అన్నీ నా ద్వారా నడిపించాడు.

"అక్కా, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పు."

తను పక్కనే ఉంది, రెండడుగుల దూరంలో.

"వదినా, ఉప్పుమడివాళ్ళ ఇంట్లో ఉప్పు తక్కువ కావడమేమిటి? నాలిక డాక్టరుకి చూపించుకోమనండి."

"అక్కా, వేళాకోళాలు వద్దని చెప్పు."

ఒకే భాష మాట్లాడే ఇద్దరి మధ్య నేను దుబాసీనయ్యాను. సందు వైపు గదిలోనేమో తల్లీకూతుళ్ళు ఆ రెండో భాషలో పొద్దస్తమానం మాట్లాడుకుంటున్నారు, మధ్యమధ్య నవ్వులు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి ఖర్చు పెట్టేస్తున్నట్టున్నారు. వాళ్ళు ఏమనుకుని నవ్వుతున్నారోనని నా తమ్ముడు నడవలో అటూ ఇటూ తిరిగేవాడు.

వేసవి చివర లెక్క తేలింది. ఏటిగట్టువాళ్ళు సగానికి కాస్త ఇవతల ఆగిపోయారు. ఇది చాలక, పోయిన లెక్కలో లేనే లేని ఉప్పుమడివాళ్ళు ఈసారి నూటికి ఇద్దరు ముగ్గురు తేలారు. ఊరు గగ్గోలెత్తింది. ‘ఎక్కడినుంచి ఊడిపడ్డారు?’ అని పేపర్లు రాశాయి. కార్యాలయం నన్ను పిలిపించింది.

"ఇంతమంది కొత్తగా ఊళ్ళోకి వచ్చారంటారా?" అన్నాడు అధికారి.

"ఎవరూ రాలేదు. వీళ్ళంతా ఎప్పుడూ ఇక్కడే ఉన్నారు. మీ గణకులు ఈసారి పెరటి వైపు వెళ్ళారు, అంతే."

"అయితే లెక్క తప్పినట్టేనా?"

"పోయినసారిది తప్పింది. ఇది కొంచెం తక్కువ తప్పింది."

"పేపరు వాళ్ళకి అలా చెప్పలేం కదండీ," అన్నాడాయన దీనంగా. ‘విషయము పరిశీలించబడుచున్నది’ అని ప్రకటించారు.

అంకె అచ్చయింది కనుక ఆస్పత్రివారు ఉప్పుమడి భాషకు దుబాసీ ఉద్యోగం ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నారు, నియమించలేదు. నియమించేదాకా ఎవరైనా ఉంటే బాగుండునని మేనకోడలు తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి వరండాలో ఒక కుర్చీ వేయించింది. నా మరదలు వంట ముగించుకుని పూటపూటా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేది. మొదట ఎవరూ రాలేదు. తరవాత ఒకావిడ వచ్చింది, ముసుగు ముక్కుదాకా లాక్కుని. సాయంత్రం మేనకోడలు వచ్చి భోజనాల దగ్గర ఆ కబురు చెప్పింది.

"అత్తా, ఇవాళ అమ్మ దగ్గరికి ఎవరొచ్చారో తెలుసా? నాన్న వాళ్ళ ప్రెసిడెంటుగారి భార్య. లెక్కరోజున పెరటి తలుపు తీసి, తను ఉప్పుమడి అని చెప్పేసిందట. ఇప్పటికీ ఆయనకి తెలియదట."

నా తమ్ముడి చేతిలో ముద్ద ఆగింది. ఎవరూ వాడి వైపు చూడలేదు. కాసేపటికి ముద్ద నోట్లోకి వెళ్ళింది.

తొలి వాన పడిన రోజు. పెద్దావిడ దిళ్ళ ఆసరాతో కూర్చోగలుగుతోంది. చూపు మసకగా ఉందని, కూతురి మొహం కూడా సరిగా కనపడటం లేదని అంటోందట. ఈ సంగతి నా మరదలు నాకు చెప్పింది, నా తమ్ముడు వినేలా. వాడు షాపుకు వెళ్ళి, అద్దాల పెట్టె, ఖాళీ ఫ్రేమూ పట్టుకుని తడుస్తూ తిరిగి వచ్చాడు. మంచం ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఫ్రేము అత్తగారి ముక్కు మీద పెట్టాడు. వాడి పని వాడికి బాగా వచ్చు. చేతులు మెత్తగా కదులుతాయి.

ఒక అద్దం పెట్టి, "ఇప్పుడెలా ఉంది అత్తయ్యా?" అన్నాడు.

ఆవిడ ఏదో అంది.

ఇంకో అద్దం మార్చాడు. "ఇప్పుడు?"

ఆవిడ వాడి మొహంలోకి తేరిపార చూసి, తల ఇటూ అటూ వంచి, ఈసారి చాలా పొడుగ్గా అంది.

నా తమ్ముడు అద్దం పట్టుకుని నా వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? నాకా భాష రాదురా," అన్నాను.

వాన గట్టిపడింది. వాడు అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. కంటి డాక్టరుకైనా, అద్దాలు అమ్మేవాడికైనా, ఎదుటి మనిషి ఏం కనపడుతోందో చెప్పకపోతే పని సాగదు. చివరకు తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏమంటోందే మీ అమ్మ?"

నా మరదలు పక్క తలుపు దగ్గర జల్లు లోపలికి రాకుండా గోనె పరుస్తోంది. లేచి నిలబడింది.

"అల్లుడు ఇంత ముసలివాడైపోయాడని అనుకోలేదంటోంది."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నా తమ్ముడు నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"అంత పొడుగు మాట అందిగా. అంతేనా?"

"అంతే," అంది తను. "మా భాష కొంచెం పొడుగు."

వాడు పెట్టెలో వెతికి ఇంకో అద్దం తీశాడు.

"సరే. ఇది పెడతాను. ఇప్పుడు నిన్ను చూసి చెప్పమను."